చెయ్యియ్యి అత్తమ్మా

మా తమ్ముడి బిడ్డ ప్రైవేటు యూనివర్సిటీలో డాక్టరు చదివే రోజుల్లో, సెలవులకు మా ఊరు కొడకండ్ల వచ్చిందంటే నా మణికట్టు ఆమెదే. చిక్కుడుకాయలు ఒలుస్తుంటే పక్కన చేరి, "చెయ్యియ్యి అత్తమ్మా" అనేది. కళ్లు మూసుకుని ఒక్కో ఎముకనూ నొక్కి పేరు చెప్పేది.

"గాజులామె గూడ గింతగనం నొక్కలేదే!" అనేదాన్ని.

మొదటేడు ఆ ఎముకల పరీక్షే తప్పింది. సంచి మూలకు పడేసి, "నేనిగ పోను" అంది. అప్పుడు నేనే చెయ్యి చాపాను.

"ఎముకలు యాడికీ పోలే బిడ్డా. జర మళ్ల చూడు."

ఏడుస్తూనే మొదలుపెట్టింది. మళ్లీ రాసి గట్టెక్కింది.

ఇప్పుడామె దూరాన డాక్టరు. ఇక్కడి దవాఖానలో నాడి చూద్దామని ఎవరు నా చెయ్యి పట్టుకున్నా, ఆ పేర్లు వినిపిస్తాయేమోనని చూస్తుంటాను.