ఉత్తరపు వెలుగులకు బస్సు టికెట్టు

ఆ రోజుల్లో లోకం ఎంత పెద్దదో నాకు సరిగ్గా తెలియదు కానీ, ఎవరైనా దారి అడిగితే మాత్రం చెప్పకుండా ఉండేవాణ్ణి కాదు. ఆందోళనల వల్ల ఆ ఏడాది కాలేజీలు సగం రోజులు మూతపడే ఉన్నాయి. చిక్కడపల్లిలో ఊరికే తిరుగుతున్న నన్ను మా మేనమామ నారాయణగూడలోని తన యాత్రల ఆఫీసులో కూర్చోబెట్టాడు. కాశీకి, హరిద్వారానికి బస్సులు పంపడం ఆయన వ్యాపారం. బోర్డు మీద మాత్రం ‘దేశ విదేశ యాత్రలు’ అని ఉండేది. (ఒకసారి మా బస్సు నేపాలు దాకా వెళ్ళివచ్చింది. ఆ ‘విదేశ’ అప్పుడు రాయించిందే.)

ఆ బోర్డు చూసే, కార్తీకమాసంలో ఒక సాయంత్రం, అశోక్‌నగర్ నుంచి ఒకావిడ వచ్చారు. యాభై దాటిన మనిషి, గుంటూరు వైపు మాట, ఆడపిల్లల కాలేజీలో ఫిజిక్సు చెబుతారట. తర్వాత మేమంతా ఆవిణ్ణి లెక్చరరమ్మ అనే అనుకునేవాళ్ళం. మామ చాయ్ తాగడానికి వెళ్ళడంతో ఆయన కుర్చీలో నేనున్నాను.

“ఉత్తరపు వెలుగులు చూడాలి బాబూ, చిన్నప్పట్నుంచీ కోరిక,” అన్నారావిడ. “వచ్చే శివరాత్రి మర్నాడు సూర్యగ్రహణం కూడా ఉంది. రెండూ ఒకే ప్రయాణంలో కుదురుతాయా?”

ఉత్తరాన వెలుగులంటే నాకు తెలిసినవి హరిద్వారంలో గంగ మీద వదిలే దీపాలు. గ్రహణమంటే కురుక్షేత్రంలో స్నానం. ఇందులో ఆలోచించడానికేముంది?

“కుదుర్తయి మేడం. దీపాలు నీళ్ళల్ల విడుస్తరు, మంచిగుంటది.”

“నీళ్ళలోనా? ఆకాశంలో కదూ?”

మా వీధి గుళ్ళో ధ్వజస్తంభానికి ఆకాశదీపం కట్టే రోజులవి. “ఆకాశంల గూడ పెడ్తరు మేడం.”

“ఆకుపచ్చగా ఉంటాయని చదివాను.”

“ఆకుదొప్పలల్ల పెడ్తరు గద. పచ్చగనే ఉంటది.”

ఆవిడ నన్ను కాసేపు చూశారు. (నా యాస తనకు అందడం లేదేమో అనుకున్నారట, తర్వాత చెప్పారు.) చలెంత ఉంటుందని అడిగితే, రెండు రగ్గులూ ఒక మంకీ క్యాపూ చాలన్నాను. ఆవిడ పేరు రాయించి వెళ్ళిపోయారు.

గ్రహణం మాట వినగానే మామ ముఖం వెలిగిపోయింది. వారం తిరిగేసరికి చిక్కడపల్లి నుంచి, రాంనగర్ నుంచి పెద్దవాళ్ళెందరో గ్రహణస్నానం బస్సుకు పేర్లిచ్చారు. అందరికంటే ముందు మా పెద్దమ్మ. పోయిన పెదనాన్న పేరు మీద కురుక్షేత్రంలో గ్రహణస్నానం చేయాలని ఆవిడ ఎన్నాళ్ళుగానో కనిపెట్టుకుని ఉంది. స్నానానికి వేళ కనుక్కుని రమ్మని మామ నన్ను గుడి పంతులుగారి దగ్గరకు పంపాడు. ఆయన పంచాంగం రెండుసార్లు తిప్పి చూసి, “ఉన్నది నాయనా. కాని అప్పటికి మనకు రాత్రి. అది మన గ్రహణం గాదు, ఇంకెవరిదో,” అన్నారు.

అదే మాట మామకు చెప్పాను.

“రాత్రిపూట సూర్యుడు యాడికెల్లి వస్తడురా? జర సక్కగ అడిగినవా?”

“అడిగిన మామా. ఎవరిదో గ్రహణమట.”

మామ పరేషాన్ అయిపోయి, పేర్లిచ్చినవాళ్ళందరినీ ఆదివారం ఆఫీసుకు పిలిచాడు. లెక్చరరమ్మ కూడా వచ్చారు. సంగతి విని, “ఇక్కడ రాత్రయితే ఏమండీ? నేను వెళ్ళేది కెనడాకి కదా,” అన్నారు నెమ్మదిగా. మామ నా వైపు తిరిగాడు. ఎన్నో ఏళ్ళుగా ఉత్తరాలు రాసుకుంటున్న స్నేహితురాలు అక్కడికి పిలిచిందనీ, ఆ మంచు దేశంలో రాత్రుళ్ళు ఆకాశమంతా ఆకుపచ్చ తెరలు కదిలినట్టు ఉంటుందనీ ఆవిడే చెప్పారు.

“ఆడ నది ఉన్నదా అమ్మా?” అని అడిగింది పెద్దమ్మ.

“ఉందండీ. గడ్డకట్టి ఉంటుంది.”

“మరి తానం ఎట్ల జేస్తరు?”

“చేయరనుకుంటానండీ,” అన్నారు లెక్చరరమ్మ. అంత దూరం వెళ్ళి స్నానం లేకుండా తిరిగివచ్చే మనిషిని చూసి మా పెద్దమ్మ నిజంగా బాధపడింది.

ఆ పూటతో నా ఉద్యోగం సరి అనుకున్నాను. “పొరపాటు నాదేలెండి, ఇంకెక్కడైనా కనుక్కుంటాను,” అంటూ లెక్చరరమ్మ లేచారు. మామ అడ్డం వచ్చాడు. “కూసోండమ్మా. బోర్డు మీద విదేశమని నేనే రాయించిన. నేనే పంపిస్త.” ఎలా పంపాలో ఆయనకూ తెలియదు. నన్ను వెంటేసుకుని హైదర్‌గూడ నుంచి సికింద్రాబాదు దాకా కనిపించిన ప్రతి తెలిసినవాణ్ణీ అడిగాడు. పాస్‌పోర్టు ఎలా ఉంటుందో మేమిద్దరం మొదటిసారి చూసింది లెక్చరరమ్మ చేతిలోనే.

ఆవిడ వెళ్ళివచ్చారు. గ్రహణం కళ్ళారా చూశారు. వెలుగుల సంగతి అడిగితే మాత్రం, అన్ని రాత్రులూ మబ్బేననీ, ఒక్కసారి ఏదో లేతగా కదిలిందనీ, “అదేనేమో బాబూ. మేఘమేమో కూడా,” అన్నారు. పెద్దమ్మ గ్రహణం లేకుండానే హరిద్వారం వెళ్ళి శివరాత్రి స్నానం చేసివచ్చింది. పెదనాన్న ఏమీ అనుకోడులే అంది.

ఇవన్నీ తర్వాతి సంగతులు. నాకు ఎక్కువగా గుర్తొచ్చేది ఆవిణ్ణి బొంబాయి విమానం ఎక్కించిన సాయంత్రం. బేగంపేటలో కంచె బయట నిలబడి, “మామా, ఉత్తరం ఎటు?” అని అడిగాను. మామ చుట్టూ చూసి, గొంతు సవరించుకుని, ఒక వైపు చెయ్యెత్తాడు. ఇద్దరం అటే చూస్తూ ఉండగా, విమానం మా వెనక నుంచి లేచి వెళ్ళిపోయింది. అప్పటి నన్ను, ఆ కుర్రాణ్ణి, భుజం పట్టుకుని ఇటు తిప్పాలని ఇప్పటికీ అనిపిస్తుంది. అంతలోనే, పోనీలే, కాసేపు అటే చూడనీ అనుకుంటాను.