తిరగేసి చూస్తే తెలిసే పని

మొదటిసారి ఆ బట్టల మరమ్మతు దుకాణం మెట్లెక్కినప్పుడు ఆమె పని అడగడానికి వెళ్లలేదు. అత్తగారు చెయ్యి పట్టుకుని లాక్కెళితే వెళ్లింది. పెళ్లి చేసుకుని భర్త దేశానికి వచ్చి అప్పటికి రెండు నెలలు. అత్తగారి ఉన్ని శాలువాకు పురుగు కొట్టి చొక్కా గుండీ అంత చిల్లు పడితే, ఆమె ఆ శాలువా అంచు మడతలోంచే దారాలు లాగి, పడుగూ పేకా కలిపి అల్లి, చిల్లు పూడ్చింది. ఎవరూ నేర్పిన పని కాదు. చిన్నప్పటి నుంచి పాత గుడ్డలు విప్పడం, మళ్లీ అల్లడం, చెడగొట్టడం, చివాట్లు తినడం, అలా పట్టుబడిన పని. అత్తగారు కళ్లద్దాలు పెట్టుకుని శాలువా అంతా వెతికింది.

"నా చిల్లు ఏం చేశావే?" అని గదమాయించింది. చిల్లు పోయినందుకు కూడా గదమాయించగల మనిషి ఆవిడ.

దుకాణం యజమాని అయిన దర్జీ మేస్త్రి మాటల పొదుపరి. శాలువా అందుకుని ముందు వైపు చూడనే లేదు. తిరగేశాడు. వెనక వైపు దారం మలుపు తిరిగిన ప్రతిచోటా ఆవగింజంత వదులు ఉంది.

"ఉతికితే బిగుస్తుందని వదిలావా?"

"అవునండీ."

"సోమవారం రా."

ఆ సోమవారం నుంచి ఆమె కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుంది. కాలిన కోట్లు, కొక్కేనికి తగిలి చిరిగిన ప్యాంట్లు, పురుగు తిన్న స్వెట్టర్లు ఆమె ముందుకు వచ్చేవి. నెల తిరిగేసరికి ఆమె అసలు పేరు అందరూ మరిచిపోయారు. చిల్లు కనబడకుండా దారంతో అల్లి పూడ్చడాన్ని రఫ్ఫు అంటారు కాబట్టి రఫ్ఫమ్మ అన్నారు. ఆమెకూ అదే బాగుంది.

సంసారం మాత్రం కుదరలేదు. భర్త సిటీ బస్సు డ్రైవరు. తాగడు, కొట్టడు, అబద్ధమాడడు. విడివిడిగా ఇద్దరూ మంచివాళ్లే. ఒక గదిలో పెడితే ఇద్దరికీ ఊపిరాడదు. పిల్లలు లేరు. రెండున్నరేళ్లు దాటాక ఒక ఆదివారం ఇద్దరూ కూర్చుని, అరవకుండానే, విడిపోదామనుకున్నారు. అతను స్నేహితుడి గదికి మారిపోయాడు. అత్తగారు వారం రోజులు కొడుకుతో మాట్లాడలేదు. "అడ్డాలనాడు బిడ్డలు గానీ గడ్డాలనాడు బిడ్డలా" అని గోడకు చెప్పుకుంది.

విడాకుల కాగితాలు పెట్టబోయే ముందు తెలిసింది అసలు చిక్కు. ఆమె నివాస కార్డు మీద 'ఆధారం: భర్త' అని ఉంది. ఆ ఆధారం పోతే తీర్పు వచ్చిన నాటి నుంచి తొంభై రోజులే గడువు, ఆ తర్వాత దేశం వదిలి వెళ్లాలి. మూడేళ్లు ఒకే ఇంట్లో కాపురం చేసి ఉంటే కార్డు ఆమె పేరు మీదే కొనసాగేది. వీళ్లది రెండేళ్ల ఎనిమిది నెలల కాపురం.

డ్రైవరు దుకాణానికి వచ్చి, తలుపు దగ్గరే నిలబడి, టోపీ చేతిలో తిప్పుకుంటూ అన్నాడు.

"నాలుగు నెలలు ఆగుదామా? నా బట్టలు నాలుగు తెచ్చి నీ గదిలో తగిలిస్తా. చెప్పులు గుమ్మం దగ్గర పెడతా. ఎవరైనా అడిగితే ఇక్కడే ఉంటున్నానని చెప్తా."

అన్నది మంచి మనసుతోనే. ఆమెకు తెలుసు. ఒక్క క్షణం ఆశ కూడా పుట్టింది. చేతిలో ఉన్న కోటు కింద పెట్టింది.

"చిరుగు మీద అదే రంగు గుడ్డ అంటించి, రఫ్ఫు చేశానంటే నువ్వు ఊరుకుంటావా?"

"నాకేం తెలుస్తుంది, ఊరుకుంటా."

"నేను ఊరుకోను."

అతను నవ్వాడు. "నీతో ఇదే గొడవ" అన్నాడు. కానీ ఆ మాటలో గొడవ లేదు.

తీర్పు వచ్చింది. తొంభై రోజుల లెక్క మొదలైంది. ఇక మిగిలింది ఒకటే దారి: ఆధారం 'భర్త' అన్నచోట 'వృత్తి' అని మార్పించుకోవడం. దానికి యజమాని ఉత్తరం కావాలి. మేస్త్రి ఇచ్చాడు, రెండే వాక్యాలు: 'ఈమె చేసే పని నా దగ్గర ఇంకెవరికీ రాదు. నాక్కూడా రాదు.' పని నేర్చినట్టు బడి సర్టిఫికెట్ కూడా కావాలి. అది లేనివాళ్లు పది నమూనాలు చేసి చూపించాలి.

దుకాణం పని అయ్యాక, సెలవు రోజుల్లో, ఆమె నమూనాలు మొదలుపెట్టింది. ఉన్ని, పట్టు, నార, జీన్స్ గుడ్డ, గళ్ల గుడ్డ, చారల గుడ్డ. ప్రతిదానికీ కావాలని చిల్లు పెట్టడం, పూడ్చడం. గళ్ల గుడ్డ అన్నిటికంటే ఏడిపించింది. గడి గడితో కలవాలి, వెంట్రుకవాసి తేడా వచ్చినా కన్ను అక్కడే ఆగుతుంది. మూడుసార్లు విప్పి నాలుగోసారి కుదిర్చింది. ఒక్కో ముక్కా పూర్తికాగానే మేస్త్రికి ఇచ్చేది. అతను తిరగేసి చూసి, తల ఊపి, తిరిగి ఇచ్చేవాడు.

పదీ అయ్యాక అత్తగారు రంగంలోకి దిగింది. విడాకులయినా ఆవిడ రాకపోకలు ఆగలేదు.

"ఇలా సంచీలో కుక్కి పట్టుకెళ్తావా ఆఫీసుకి? బట్టలుతికేవాళ్లు అనుకుంటారు. అట్ట తీసుకురా, శుభ్రంగా అంటిద్దాం."

"బజార్లో జిగురు కొననా అత్తయ్యా?"

"ఎందుకు, ఇంట్లో పిండి లేదా?"

పిండి ఉడికించి జిగురు చేసింది. ఇద్దరూ బల్లకు అటూ ఇటూ కూర్చుని తెల్ల అట్ట మీద పది ముక్కలూ వరసగా, నలగకుండా, మంచి వైపు పైకి వచ్చేలా అంటించారు. కింద నంబర్లు వేశారు. చూడముచ్చటగా ఉంది. అత్తగారు అట్టను గోడకానించి, నాలుగడుగులు వెనక్కి వేసి, "పెళ్లి ఫొటో కంటే ఇదే బాగుంది" అంది.

గడువు శుక్రవారంతో అయిపోతుందనగా బుధవారం కార్డుల ఆఫీసులో ఆమె నంబరొచ్చింది. ఇద్దరూ వెళ్లారు. కౌంటరు వెనక అధికారిణి, నడివయసు మనిషి, కాగితాలు చూసి తల ఎత్తింది.

"ఈవిడెవరు?"

"మాజీ భర్త తల్లి అండీ."

అధికారిణి కనుబొమలు పైకి లేచాయి.

"విడాకులు ఇచ్చింది నా కొడుక్కి" అంది అత్తగారు. "నాకు కాదు."

అధికారిణి నవ్వు ఆపుకుంటూ అట్ట ముందుకు లాక్కుంది. మొదటి ముక్క చూసింది. రెండోది చూసింది. సొరుగులోంచి భూతద్దం తీసి మూడోది చూసింది. పదో ముక్క దాకా వెళ్లి మళ్లీ మొదటికి వచ్చింది.

"అమ్మా, ఇందులో మీరు చేసిందేమిటి?"

"రఫ్ఫు అండీ."

"ఎక్కడ?"

ఆమె వేలు పెట్టి చూపించబోయి ఆగిపోయింది. గళ్ల గుడ్డలో చోటు ఆమెకే వెంటనే దొరకలేదు.

"నాకు పది గుడ్డముక్కలు కనిపిస్తున్నాయి. బట్టల కొట్లో కత్తిరించి తెచ్చారని పై అధికారి అంటే నేనేం జవాబు చెప్పను? చిల్లు ఉన్నప్పటి ఫొటోలైనా ఉన్నాయా?"

ఫొటోలు లేవు. చిల్లును ఫొటో తీయాలన్న ఆలోచన రఫ్ఫు చేసేవాళ్లకు ఎందుకు వస్తుంది? పని ఉన్నది వెనక వైపు. ఆ వెనక వైపునే జిగురు పూసి అట్టకు అతికించేశారు. మూడు వారాల కష్టం బూడిదలో పోసిన పన్నీరయ్యింది.

అప్పుడు గుర్తొచ్చింది, అది బజారు జిగురు కాదు.

"కాసేపు టైమివ్వండి. మంచినీళ్లు ఎక్కడండీ?"

"ఆ మూల కుళాయి ఉంది. భోజనాల బెల్లు కొట్టేలోపు రావాలి మరి."

కుళాయి దగ్గర అత్తగారు తన చేతిరుమాలు తడిపి ఇస్తుంటే, ఆమె ఒక్కో ముక్క మీదా అద్ది, నానాక, గోటితో అంచు లేపి, నెమ్మదిగా ఊడదీసింది. ఉన్ని వచ్చింది. నార వచ్చింది. జీన్స్ గుడ్డ మొండికేసింది.

"లాగవే, లాగు!"

"లాగితే దారం తెగుద్ది అత్తయ్యా. దానంతటది రావాలి."

"నా కొడుకుతో కూడా ఇంత ఓపిక పట్టి ఉంటే..."

"మీ అబ్బాయి నానడు అత్తయ్యా."

వరసలో నిలబడ్డవాళ్లు తిరిగి చూసేంత గట్టిగా నవ్వింది అత్తగారు.

తడి ముక్కలు పదీ తిరగేసి కౌంటరు మీద పరిచింది. అధికారిణి మళ్లీ భూతద్దం తీసింది. ఈసారి మొదటి ముక్క దగ్గరే ఆగిపోయింది. గుడ్డ మధ్యలో చిన్న చదరం. నాలుగు అంచులా దారం కొసలు, సన్నని గడ్డిలా. ముందుకు తిప్పింది: ఏమీ లేదు. వెనక్కి తిప్పింది: అంతా ఉంది. పక్క కౌంటరామెను పిలిచి చూపించింది. గళ్ల గుడ్డను ఇద్దరూ చెరో పక్కా పట్టుకుని వెలుతురుకు ఎత్తి చూశారు.

"ఈ కొసలు ఎందుకు వదిలారు?"

"ఉతికితే బట్ట బిగుస్తుందండీ. అప్పుడు లోపలికి తీసుకోవడానికి కాస్త దారం ఉండాలి. లేకపోతే పక్కన కొత్త చిరుగు పడుతుంది."

"మొదటే ఇలా ఎందుకు తేలేదు?"

"ఆఫీసు కదా, మంచి వైపు చూపిద్దామనుకున్నామండీ."

"రోజంతా మంచి వైపే చూపిస్తారమ్మా ఇక్కడ అందరూ" అంది అధికారిణి. ఫారం మీద ముద్ర వేసింది. తడి ముక్కలను ఒక కవరులో వేసి, దాని మీద 'ఆరబెట్టి చూడవలెను' అని రాసింది.

ఆరు వారాలకు కార్డు వచ్చింది. ఆమె దాన్ని దుకాణానికి తీసుకెళ్లి మేస్త్రి బల్ల మీద పెట్టింది. ముందు వైపు ఆమె ఫొటో, చాలాకాలంగా ఎవరూ పిలవని ఆమె అసలు పేరు ఉన్నాయి. మేస్త్రి చేతులు తుడుచుకుని, కార్డు అందుకుని, అలవాటు కొద్దీ తిరగేశాడు. వెనక వైపు చిన్న అక్షరాల్లో ఉంది: 'ఆధారం: వృత్తి. రఫ్ఫు పని.'

చదివి తల ఊపాడు. కార్డు తిరిగి ఇచ్చాడు.

"ఆ నల్ల కోటు సాయంత్రానికి అవుతుందా?"

"మోచెయ్యి దగ్గర పెద్ద చిరుగండీ. రేపవుతుంది."

"సరే, రేపే."

ఆమె కార్డును సూదుల డబ్బా మూతలో పెట్టి, కోటును తిరగేసి, కిటికీ పక్కన కూర్చుంది.