డీఈ గారి వైఫై పరీక్ష

కరోనా తగ్గుముఖం పట్టిన మరుసటి ఏడాది వేసవిలో నన్ను ఆత్మకూరు టెలిఫోన్ ఎక్స్ఛేంజి నుంచి కడప డివిజన్ కార్యాలయానికి బదిలీ చేశారు. హోదా సబ్ డివిజనల్ ఇంజనీరు, వాడుకలో ఎస్‌డీఈ. మా ఆయన కడపలో ఉపాధ్యాయుడు. పెళ్లయిన నాటి నుంచి ఆయనొక ఊళ్లో, నేనొక ఊళ్లో. ఉద్యోగం ముగిసేలోపు కొన్నాళ్లయినా ఒకే పొయ్యి మీద వండుకు తింటామని సంబరపడ్డాను.

సామాను సర్దుకోక ముందే పై కార్యాలయం నుంచి ఉత్తర్వు వచ్చింది. ప్రభుత్వ కార్యాలయాలకు వైఫై అమర్చే పని మా సంస్థకు రాబోతోంది. కాబట్టి ఇంజనీర్లందరూ కంప్యూటర్ నెట్‌వర్కింగ్, వైఫై ప్రాథమికాంశాల మీద ధ్రువపత్ర పరీక్షను ‘స్వచ్ఛందంగా, విధిగా’ రాయాలి. రెండు అవకాశాలిస్తారు. రెండింట్లోనూ తప్పినవారిని తుమ్మలపల్లె, ఆత్మకూరు వైపు టవర్ల నిర్వహణకు పంపుతారు. అప్పుడే ఆత్మకూరు నుంచి వచ్చిన నాకు ఈ చివరి వాక్యం బాగా అర్థమైంది. పైగా డివిజన్‌లో అందరికీ పాఠాలు చెప్పే బాధ్యత కూడా నాకే ఇచ్చారు. కొత్తగా చేరినవారు కాదనరని కార్యాలయాలకు బాగా తెలుసు.

మా డివిజన్ అధిపతి ఓబులేసు గారు. ఆయన హోదా డివిజనల్ ఇంజనీరు, అందరం డీఈ అనేవాళ్లం. రాగి తీగల కాలంలో చేరి, సీనియారిటీతో మెట్టు మెట్టుగా పైకొచ్చిన మనిషి. పని తెలిసినవాడే. కానీ ఆయనకు తెలిసిన పని చూస్తుండగానే గోడల్లోంచి, స్తంభాల మీది నుంచి మాయమైపోయింది. దాని స్థానంలో వచ్చినదాని గురించి ఆయన్ను అడిగే ధైర్యం ఎవరికీ లేదు, చెప్పే ధైర్యం అంతకన్నా లేదు.

మీటింగు హాల్లో క్లాసులు మొదలుపెట్టిన రోజు డీఈ గారు దీపం వెలిగించారు. నేటి యుగంలో వైఫై ప్రాముఖ్యం గురించి సుదీర్ఘంగా మాట్లాడారు. నేను మొదటి స్లైడు వేయగానే లేచి వెళ్లిపోయారు. కింది ఉద్యోగుల పక్కన కూర్చుని పాఠం వినడం ఆ కుర్చీకి తగదు. పరీక్ష మాత్రం ఆయనా రాయాలి.

పాఠాలు కష్టమైనవేమీ కావు. నెట్‌వర్కులో ప్రతి పరికరానికీ రెండు గుర్తింపులుంటాయి. మ్యాక్ అడ్రసు పుట్టుమచ్చలాంటిది, తయారీలోనే పడుతుంది. ఐపీ అడ్రసు అద్దింటి చిరునామాలాంటిది, చోటు మారితే మారుతుంది. ఆ చిరునామాలో వీధి పేరు ఎక్కడ ముగిసి ఇంటి నంబరు ఎక్కడ మొదలవుతుందో చెప్పేది సబ్‌నెట్ మాస్క్. నేను ఇలాగే చెప్పేదాన్ని, జనం రాసుకునేవారు.

రెండో రోజు నుంచి మధ్యాహ్నాలు డీఈ గారి గదిలో నాకు ‘సమీక్షా సమావేశం’ మొదలైంది. సమావేశంలో ఆయన, నేను, తలుపు దగ్గర మూసిన తెర. ఎజెండా ఒక్కటే.

“సబ్‌నెట్ మాస్క్ గురించి వాళ్లకు సరిగ్గా చెప్పినారా మేడం?”

చెప్పానన్నాను.

“ఎట్ల చెప్పినారో ఈడ చెప్పండి చూద్దాం.”

చెప్పాను. ఆయన కళ్లు మూసుకుని విన్నారు. “ఊఁ, కరెక్టే. నాకు తెలుసు. మీకు తెలుసునో లేదో అని అడిగినా” అన్నారు. మళ్లీ కళ్లు మూసుకుని, “ఇంకొకసారి చెప్పండి. మీరు చెప్పేది వాళ్లకు అర్థమయ్యేటట్ల లేదు” అన్నారు.

‘వాళ్లు’ ఎవరో ఆ క్షణంలో నాకు తెలిసింది. అప్పటి నుంచి రోజూ హాల్లో ఒక పాఠం, అదే పాఠం డీఈ గారి గదిలో నివేదిక రూపంలో. నాకు శిష్యులు పెరిగారు, ఒక శిష్యుడు మాత్రం నన్ను తనిఖీ చేస్తున్నట్టు నటిస్తూ చదువుకున్నాడు. ఆయన తెలియదని ఒప్పుకోరు కాబట్టి ఏది తెలియదో నాకు తెలిసేది కాదు. తల ఊపిన ప్రతిదీ వచ్చినట్టే లెక్క.

చిక్కు వైఫై ఛానళ్ల పాఠంతో వచ్చింది. మామూలు వైఫై పౌనఃపున్యంలో ఒకదానితో ఒకటి కలవని ఛానళ్లు మూడే: ఒకటి, ఆరు, పదకొండు. వైఫై పంచే పెట్టెను యాక్సెస్ పాయింట్ అంటారు. పక్కపక్కనే ఉన్న పెట్టెలన్నీ ఒకే ఛానల్‌లో ఉంటే ఒకటి మాట్లాడుతున్నంత సేపూ మిగతావి నోరు మూసుకుని కూర్చోవాలి. అందుకే వాటిని వేర్వేరు ఛానళ్లలో పెట్టాలి. ఇంత చెప్పి, ఆన్‌లైన్ నమూనా పరీక్ష తెరవమన్నాను. ఎవరికీ తెరుచుకోలేదు. తెర మీద చక్రం తిరుగుతూనే ఉంది.

అసిస్టెంట్ ఇంజనీరు ఖాజా హుస్సేన్ చెయ్యెత్తాడు. “మేడం, మన ఆఫీసులో పెట్టెలన్నీ ఆరులోనే ఉండాయి కదా. మరి మనం ఏంటికి అట్ల పెట్టుకున్యాం?”

హాలంతా నవ్వింది, ఎందుకంటే కారణం అందరికీ తెలుసు. అంతకు ముందు వచ్చిన తనిఖీ బృందం ఒక్కో గదిలో ఒక్కో ఛానల్ ఉండటాన్ని ‘వ్యత్యాసం’గా రాసింది. దానిపై డీఈ గారు, ఏకరూపత కోసం భవనంలోని యాక్సెస్ పాయింట్లన్నీ ఆరో ఛానల్‌కు మార్చాలని ఉత్తర్వు ఇచ్చారు. పైగా మీటింగు హాలుకు ఉద్దేశించిన కొత్త పెట్టెను హోదాను బట్టి ఆయన గదిలోనే బిగించారు.

ఆ మధ్యాహ్నం సమీక్షలో పాఠం పూర్తిగా చెప్పాను, ఒక్క మాట కూడా మింగలేదు. ఆయన తల ఊపుతూ ఊపుతూ మధ్యలో ఆపేశారు.

“అంటే మన నెట్టు నిదానంగా వస్తాండేది అందుకేనా?”

“అవును సార్.”

“ఆ ఆర్డరు ఎవరిచ్చినారు?”

“మీరే సార్.”

తుమ్మలపల్లె బస్సు నా కళ్ల ముందు కదిలింది. ఆయన గ్లాసెడు నీళ్లు తాగి, కమిటీ వేస్తానన్నారు.

కమిటీలో నేను, ఖాజా. మా సిఫారసు అందగానే ఉత్తర్వు వెలువడింది: పూర్వపు ఉత్తర్వు నాటి పరిస్థితులకు సరైనది, సాంకేతిక పురోగతి దృష్ట్యా ప్రస్తుత ఉత్తర్వు నేటి పరిస్థితులకు సరైనది. ఛానళ్లు మార్చాం. నమూనా పరీక్ష తెరుచుకుంది. డీఈ గారి గదిలో పెట్టెను మాత్రం ఏ పురోగతీ కదిలించలేకపోయింది.

పరీక్ష కర్నూలులో, ఒక ప్రైవేటు కళాశాల కంప్యూటర్ ల్యాబులో జరిగింది. మేం బస్సులో వెళ్లాం, ఆయన జీపులో వచ్చారు. ఫలితం తెర మీద అక్కడికక్కడే వస్తుంది. నేను నెగ్గాను, ఖాజా నెగ్గాడు, చాలామంది నెగ్గారు. డీఈ గారు తప్పారు. పక్క వరుసలో ఉన్న నాకు ఆయన తెర కనబడింది. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని అదే అంకె చూశారు. తిరుగు ప్రయాణంలో బస్సులో ఎవరూ ఆయన మాట ఎత్తలేదు.

రెండో విడతకు ముందు పై కార్యాలయం ఇంకో ఉత్తర్వు పంపింది. టవర్ల వంటి కీలకమైన పనిని అర్హత లేనివారికి అప్పగించడం క్షేమం కాదని ఎవరో గ్రహించారు. అందుచేత నెగ్గినవారిని టవర్లకు పంపాలి, తప్పినవారిని మరింత శిక్షణ కోసం డివిజన్ హెడ్‌క్వార్టర్‌లోనే ఉంచాలి. నాకు తుమ్మలపల్లె వచ్చింది, ఖాజాకు ఆత్మకూరు. మా ఆయన ఉత్తర్వు చదివి, “నువ్వు ఇంత బాగా చదివి ఉండకూడదు” అన్నాడు. ఇక అక్కర్లేదని అటకెక్కించిన రెండో గ్యాస్ పొయ్యిని మళ్లీ కిందికి దించాం.

రెండో విడత రాయాల్సినవాళ్లు మా డివిజన్‌లో కొందరే మిగిలారు. నన్ను కడప విధుల నుంచి విడుదల చేసేలోపు వాళ్లకు చివరి క్లాసులు చెప్పాలి. వచ్చినవాళ్లలో ఎవరి ముఖంలోనూ దిగులు లేదు. తప్పితే కడపలోనే ఉండొచ్చు. అందరూ పుస్తకాలు మూసి ఫోన్లు తెరిచారు.

నేను పాఠం మొదలుపెట్టిన కాసేపటికి తలుపు తోసుకుని డీఈ గారు వచ్చారు. అందరూ లేచారు. ఆయన కూర్చోమని సైగ చేసి, వెనక వరుసలో ఖాళీ కుర్చీ చూసుకుని కూర్చున్నారు. స్లైడ్లు రెండు మారాయి. అప్పుడు చెయ్యెత్తారు. ఆ హాల్లో ఆయన చెయ్యి ఎత్తడం ఎవరూ చూసి ఉండరు.

“ఎస్తేరమ్మా, నాకు సబ్‌నెట్టు అర్థం కాలేదు. ముందు చెప్పినప్పుడు గూడా కాలేదు. మొదట్నుంచి చెప్పు.”

ఆయన నన్ను మేడం అనకుండా పేరు పెట్టి పిలవడం అదే మొదలు. నేను వీధి, ఇల్లు అంటూ పాత ఉదాహరణ ఎత్తుకుంటే ఆయన అడ్డుపడ్డారు. “ఆ వీధులు నా తలకెక్కలేదు. మన పిల్లరు మాదిరేనా ఇది?” అన్నారు. పిల్లరంటే పాత రోజుల్లో వీధి మూలల్లో ఉండే ఇనుప పెట్టె, అక్కడి నుంచి తీగల జతలు ఇళ్లకు చీలిపోయేవి. పిల్లరు నంబరు వరకు నెట్‌వర్కు, జత నంబరు ఇల్లు, ఆ గీత ఎక్కడ పడుతుందో చెప్పేది మాస్క్ అన్నాను. “ఓహో! ఒక పిల్లరును రెండుగా చీలిస్తే జతలు సగం సగమైతాయి. అంతేనా? ఇంత సులభమైనదానికి ఇన్ని దినాలు తల ఊపినానే!” అన్నారు. ఆ పూట ఆయన ఆపకుండా అడిగారు. ముందు కూర్చున్నవాళ్లలో ఒకరిద్దరు ఫోన్లు జేబులో పెట్టి వెనక్కి తిరిగి విన్నారు.

క్లాసయ్యాక ఉండబట్టలేక అడిగాను, “సార్, పాసైతే మిమ్మల్ని గూడా పంపిస్తారు. తెలుసు కదా?”

“తెలుసమ్మా. శానామంది చెప్పినారు, ఫెయిలైతేనే మేలని. ఈ కుర్చీలో ఉండాలంటే నాకేమీ రాదని కాయితం మీద రాయించుకోవల్లంట. అది నాతో కాదు.”

ఆయన నెగ్గారు. మిగతావాళ్లు అనుకున్నట్టే తప్పి, కడపలో నిలిచారు. డీఈ గారిని ఆత్మకూరు వైపు వేశారు. వెళ్లే ముందు తన గదిలోని పెట్టె తీయించి మీటింగు హాల్లో బిగించమన్నారు, దానికి ఉత్తర్వు కూడా ఇవ్వలేదు. ప్రభుత్వ కార్యాలయాల వైఫై పని చివరికి ఎవరో బయటి కాంట్రాక్టరుకు వెళ్లిపోయింది. వాళ్ల మనుషులను ధ్రువపత్రం ఉందా అని ఎవరూ అడగలేదు.

ఈ ఉదంతం నాకు నేర్పింది వృత్తికి సంబంధించిన సంగతే. పరీక్ష ఒక మనిషికి ఏం వచ్చో చెబుతుంది, రాదని చెప్పగలడా లేదా అన్నది చెప్పదు. నేను పని చేసిన చోట్ల నెట్‌వర్కులు ఎక్కువగా రాదని చెప్పలేనివారి వల్లే చెడిపోయాయి. ఆ తర్వాత ఎక్కడ శిక్షణ ఇచ్చినా, పాఠం మొదలుపెట్టే ముందు ఎవరికి ఏది తెలియదో చెప్పమని అడిగేదాన్ని. హోదా పెద్దదైన కొద్దీ జవాబుకు ఎక్కువ సేపు ఎదురుచూడవలసి వచ్చేది. అందుకు తగిన సమయాన్ని పాఠ్య ప్రణాళికలోనే కేటాయించాను.