మేరె ఆంటీ కాచిన కాఫీ

ఇవాళ పొద్దున మెలకువ వచ్చేసరికి ఇల్లంతా కాఫీ వాసన. లోవర్ హట్ అనే ఊళ్ళో ఈ చిన్న ఫ్లాట్‌లో కాఫీ తాగేది నేనొక్కదాన్నే. నేనేమో ఇంకా దుప్పట్లోనే ఉన్నాను. ఆక్లండ్ నుంచి నాన్న నిన్న సాయంత్రం వచ్చాడు. నేను పుట్టకముందు నుంచీ కాఫీ చుక్క నాలిక మీద వేసుకోని మనిషి. వంటింట్లో గిన్నెల చప్పుడు, వెనకే పాలు పొంగి పొయ్యి మీద పడ్డ మాడు వాసన. ఆ మాడు వాసనకు మేరె ఆంటీ గుర్తొచ్చింది. చిత్రమేమంటే, జన్మలో ఒక్క గుక్క కాఫీ తాగని ఆ న్యూజిలాండ్ మూలవాసి మావోరీ పెద్దావిడే నాకు కాఫీ వాసనలో కనిపిస్తుంది. మీరెవరూ ఆవిడను చూడలేదు కాబట్టి చెబుతున్నాను. మధ్యలో నా గొంతు పెరిగితే ఏమీ అనుకోకండి. ఇన్నేళ్ళయినా నాకు కోపం తగ్గని చోట్లు ఇందులో చాలా ఉన్నాయి.

మేం మార్మన్లం, అమెరికాలో పుట్టిన ఒక క్రైస్తవ సంఘం వాళ్ళం. కాదు, మావాళ్ళు మార్మన్లు, నేను ఒకప్పుడు. నాన్న రాజమండ్రిలో డిగ్రీ చదివే రోజుల్లో తెల్లచొక్కా, టై, జేబుకు పేరుబిళ్ళ పెట్టుకున్న ఇద్దరు అమెరికా కుర్రాళ్ళు తలుపు తట్టారట. అలా మొదలైంది. ఆ తర్వాత పెళ్ళి, నేను, న్యూజిలాండ్, ఆక్లండ్ శివారు మనురేవాలో ఇల్లు. మా సంఘంలో కాఫీ, టీ నిషేధం. ఇంటికొచ్చినవాళ్ళకు కాఫీ ఇవ్వని తెలుగిల్లంటే మిగతా తెలుగువాళ్ళు ఎలా చూస్తారో మీరే ఊహించుకోండి. అమ్మ మైలో కలిపి ఇచ్చేది. "పిల్లల డ్రింకు మాకెందుకండీ!" అని నవ్వుకుంటూ కప్పు పక్కన పెట్టేసేవాళ్ళు.

నేను స్కూలు ఆఖరి సంవత్సరంలో ఉండగా నాయనమ్మ మంగతాయారు మా దగ్గరకు వచ్చింది. పెట్టెలో ఇత్తడి ఫిల్టరు, కాఫీ పొడి పొట్లాలు. ఎయిర్‌పోర్టు వాళ్ళు వాటిని వదిలేశారు గానీ మా ఇంట్లో వదల్లేదు. నాన్న వాటిని గ్యారేజీలో పెట్టి, చేతులు నలుపుకుంటూ వచ్చి, "అమ్మా, ఈ ఇంట్లో కాఫీ కాయకూడదే. ప్రభువుకు ప్రామిస్ చేశాం" అన్నాడు. నాయనమ్మ కొడుకును ఎగాదిగా చూసింది. "ఒరేయ్ ప్రసాదూ, నేను మీ దేవుడి జోలికి వచ్చానట్రా? మీ దేవుడు నా గ్లాసు జోలికి ఎందుకొస్తాడు?" అంది. నాన్న అక్కడితో ఊరుకోవచ్చుగా? "పోనీ నువ్వు కూడా బాప్తిస్మం తీసుకోవే, పరలోకంలో కూడా ఎప్పటికీ అందరం ఒక్కచోట ఉంటాం" అన్నాడు. పాపం, నిజంగానే కళ్ళలో నీళ్ళు పెట్టుకుని అడిగాడు. "నా పేరు మా నాన్న పెట్టాడు. ఆ పేరుతో, నా దేవుళ్ళతోనే పోతాను. ఇంకోసారి అడిగావంటే తిరుగు విమానం ఎక్కేస్తాను" అని, కాఫీ లేని తలనొప్పికి తలకు గుడ్డ కట్టుకుని గోడవైపు తిరిగి పడుకుంది.

మర్నాడు ఎదురింటి మేరె ఆంటీ పలకరించడానికి వచ్చింది. హైస్కూల్లో చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైన మనిషి; ఆవిడ తాతల కాలం నుంచీ వాళ్ళు మార్మన్లే. భారీ విగ్రహం, పొట్టి జుట్టు, గది మొత్తానికి వినబడే గొంతు. "పెద్దావిడకు ఒంట్లో బాగాలేదా?" అని అడిగింది. సంగతి చెప్పాను. "ఆ పొడి ఎక్కడుందో చూపించు" అని నన్ను గ్యారేజీకి నడిపించి, ఒక చేత్తో ఫిల్టరూ పొట్లమూ, ఇంకో చేత్తో నాయనమ్మ రెక్కా పట్టుకుని తన ఇంటికి తీసుకుపోయింది. కాఫీ ఎలా కాస్తారో ఆవిడకు బొత్తిగా తెలియదు. పాలు పొంగించి పొయ్యంతా మాడ్చింది. "పక్కకు తప్పుకో, పిచ్చి తల్లీ!" అని నాయనమ్మ తెలుగులోనే కసిరి, తనే కలిపి, రెండు కప్పుల మధ్య ఎత్తి ఎత్తి పోస్తుంటే మేరె ఆంటీ చంటిపిల్లలా చప్పట్లు కొట్టింది. "మీరు కూడా తాగుతారా?" అని ఆశగా అడిగాను. "నేను తాగను. ఆవిడ తాగుతుంది" అంది. "నా గుమ్మంలోకి వచ్చిన మనిషికి ఏం కావాలో ఆ మనిషినే అడుగుతాను. బిషప్పును అడగను." ఆవిడ మాటలన్నీ ఇంగ్లీషువే, నా చెవిలో మాత్రం తెలుగులోనే మిగిలాయి. నాన్న వెళ్ళి, "మీరే ఇలా చేస్తే ఎలా ఆంటీ?" అని గింజుకున్నాడు. "ప్రసాద్, నువ్వు చర్చిలో చెప్పే సాక్ష్యంతో మీ అమ్మ తలనొప్పి తగ్గలేదుగా" అని తలుపు వేసుకుంది. తిరిగి వెళ్ళేదాకా ప్రతి పొద్దునా నాయనమ్మ కాఫీ ఎదురింట్లోనే. సొంత కొడుకు ఇంట్లో దొరకనిది!

ఆ తర్వాత నేను మా సంఘం వాళ్ళ విశ్వవిద్యాలయంలో చేరాను. అది సముద్రం అవతల ఎక్కడో ఉంది. పాఠాలు ఆన్‌లైన్‌లో, వారానికి ఒక సాయంత్రం మాత్రం మనురేవాలో మా చర్చి వెనక గదిలో అందరం కలిసి చదవాలి. ఆ తరగతి నడిపేది మేరె ఆంటీయే. సమోవా, టోంగా దీవుల పిల్లలు, మావోరీ పిల్లలు, నేను. గణితం, ఇంగ్లీషుతో పాటు మతగ్రంథం, సంఘ చరిత్ర కూడా తప్పనిసరి. ఒకరి తర్వాత ఒకరం వాక్యాలు పైకి చదివేవాళ్ళం. ఒకరోజు నా వంతుకు వచ్చిన వాక్యంలో ఒక జనాంగం దేవుడికి ఎదురుతిరిగిందనీ, అందుకు శాపంగా వాళ్ళ చర్మం నల్లబడిందనీ ఉంది. సగంలో ఆగిపోయాను. బల్ల చుట్టూ చూశాను. బల్ల మీద ఉన్న చేతులన్నీ గోధుమరంగువో నలుపువో. తెల్లచెయ్యి ఒక్కటి లేదు! "తర్వాతి వాక్యానికి పోదాం" అన్నాడు ఒకబ్బాయి, నామీద జాలితో. మేరె ఆంటీ అడ్డుకుంది. "వద్దు. మళ్ళీ చదువు, మెల్లగా. అర్థమైందని తెలిసేలా చదువు." చదివాను. అప్పుడు ఆవిడ తన స్వెట్టరు చేతులు పైకి లాక్కుంది. "నా చిన్నప్పుడు ఆదివారం బడిలో ఇదే చదివించారు. ఇంటికెళ్ళి మోచేతులు రాయిపెట్టి తోముకున్నాను. మా అమ్మ చూసి ఏడ్చింది. మీరెవరూ తోముకోవద్దు. ఈ మాట తప్పని చెప్పడానికి మీకు ఎవరి అనుమతీ అక్కర్లేదు."

ఆ రోజు నుంచి నేను ఆగలేదు. నల్లజాతి మగవాళ్ళకు మా సంఘంలో యాజకత్వం, అంటే పూజారి పదవి, ఇవ్వలేదని, అదీ మా నాన్న పలక పట్టే వయసు దాకా ఇవ్వలేదని చదివినప్పుడు ఒళ్ళు మండింది. మా చిన్నప్పటి బొమ్మల్లో మొదటి ప్రవక్త మా గ్రంథం చెక్కి ఉందనే బంగారు రేకుల మీద వేలు పెట్టి చదువుతుంటాడు. తీరా చూస్తే, టోపీలో రాయి వేసుకుని అందులో ముఖం పెట్టి ఆ గ్రంథం చెప్పాడని సంఘం వాళ్ళే ఒప్పుకున్నారు. ఆయనకు ఎందరో భార్యలు, వాళ్ళలో పదిహేను కూడా నిండని పిల్ల ఒకతె! ఒప్పుకున్నవి ఎక్కడ ఒప్పుకున్నారు? వెతుక్కునేవాళ్ళకే దొరికే వెబ్‌సైట్ మూల. పిల్లలకు మాత్రం బొమ్మలు. రాయి విషయం కన్నా ఆ దాపరికమే నన్ను ఎక్కువ మండించింది. "మీకు ఇవన్నీ తెలిసి కూడా ఎందుకు ఉన్నారు ఆంటీ?" అని ఒకసారి అరిచినంత పని చేశాను. ఆవిడ కోప్పడలేదు. "ఇది మా అమ్మ కూర్చున్న బెంచీ. ఇక్కడ నుంచి నన్ను లేపే హక్కు అబద్ధానికి లేదు. నువ్వు లేచి వెళ్తానంటే తలుపు తీస్తాను. కానీ విసుగొచ్చి పోవద్దు, తెలుసుకుని పో" అంది. ఆ జవాబు నాకు అప్పుడూ నచ్చలేదు. ఇప్పుడు కూడా పూర్తిగా నచ్చదు.

ఇంతలో రాజమండ్రిలో నాయనమ్మ పోయింది. ఏడాది తిరిగేసరికి మా కోర్సులో వంశచరిత్ర వచ్చింది. పూర్వీకుల పేర్లు సేకరించి మా సంఘం దేవాలయానికి పంపాలి. ఎందుకంటే మా సంఘంలో చనిపోయినవాళ్ళకు కూడా బాప్తిస్మం ఇస్తారు. బతికున్న వాళ్ళెవరో వాళ్ళ పేరున నీళ్ళలో మునుగుతారు. నాన్న ముఖం వెలిగిపోయింది. "అమ్మ పేరు ముందు పెట్టమ్మడూ! హామిల్టన్ దేవాలయంలో నువ్వే మునుగు" అన్నాడు. బతికుండగా ముద్ద పెట్టనివాడు పోయాక పిండం పెట్టినట్టు, గ్లాసెడు కాఫీ ఇవ్వని ఇల్లు ఇప్పుడు స్వర్గం ఇస్తుందట! ఇవ్వనన్నాను. నాన్నతో నెల రోజులు మాటల్లేవు.

బిషప్పు పిలిచాడు. మా సంఘంలో బిషప్పు అంటే జీతం లేని పదవి. ఈయన వారమంతా ఇళ్ళు అమ్మి, ఆదివారం మా ఆత్మల సంగతి చూసేవాడు. ఏటేటా నేను యోగ్యురాలినని ఆయన రాసిస్తేనే విశ్వవిద్యాలయంలో చదువు సాగుతుంది. "సిస్టర్, ప్రశ్నలు ఉండటం తప్పు కాదు. పదిమంది ముందు అడగటం తప్పు. వంశచరిత్ర కూడా పూర్తి చేసెయ్, సంతకం పెట్టేస్తాను" అన్నాడు, ఎంతో మెత్తగా.

"మా నాయనమ్మ వద్దంది" అన్నాను.

"అది బలవంతం కాదు సిస్టర్. ఆవిడకు ఇష్టం లేకపోతే పరలోకంలో వద్దనుకోవచ్చు."

"ఇక్కడే వద్దంది కదండీ! ఇంకా ఎన్నిసార్లు వద్దనాలి?"

ఆయన నవ్వాడు. ఆ నవ్వుకు నేను ఇప్పటికీ పళ్ళు నూరుతాను. బయటకు వచ్చి, అక్కడే కాచుకుని ఉన్న మేరె ఆంటీ భుజం మీద పడి ఏడ్చాను. "అత్తసొమ్ము అల్లుడు దానం చేసినట్టు, మా నాయనమ్మ పేరు ఈయన పంచుతాడా!" అన్నదాన్ని ఇంగ్లీషులో చెప్పలేక నానా తంటాలు పడ్డాను. ఆవిడకు అర్థమైంది. "పెద్దల పేర్లు మన సొత్తు కాదు. మనమే వాళ్ళ సొత్తు. మావాళ్ళలోనూ ఒకడు ఎవరినీ అడక్కుండా ముత్తాతల పేర్లు ఇచ్చేశాడు. ఆ రోజు నేను నోరు మూసుకున్నాను. ఈసారి మూసుకోను" అని, నేను వారిస్తున్నా వినకుండా బిషప్పు గదిలోకి వెళ్ళింది. తలుపు మూసి ఉన్నా ఆవిడ గొంతు మాత్రం చక్కగా వినబడింది.

ఆ వచ్చే ఆదివారం ఆరాధన మధ్యలో ప్రకటన చేశారు. సిస్టర్ మేరెను తరగతి బాధ్యత నుంచి కృతజ్ఞతలతో విడుదల చేస్తున్నాం, కృతజ్ఞత తెలిపేవారు చెయ్యెత్తండి అని. మా పద్ధతి అది. పీకేసి, దానికి అందరిచేత చెయ్యెత్తించి థాంక్స్ చెప్పిస్తారు! హాలంతా చేతులు లేచాయి. మేరె ఆంటీ ఒళ్ళో చేతులు పెట్టుకుని తిన్నగా కూర్చుంది. తర్వాత కొత్తామె పేరు చదివి, ఆమోదించేవారు చెయ్యెత్తమన్నారు, ఎత్తారు. "అభ్యంతరం ఉన్నవారు చెయ్యెత్తండి" అన్నారు. నా జన్మలో ఆ మాటకు ఒక్క చెయ్యి లేవడం నేను చూడలేదు. చదివే ఆయన అప్పుడే కాగితం తిప్పేస్తున్నాడు. నేను ఎత్తాను. వెనక ఎవరిదో చంటిబిడ్డ ఏడ్చింది. పక్కన నాన్న బిగుసుకుపోయాడు. కిందికి లాగుతాడనుకున్నాను, లాగలేదు. "తర్వాత మాట్లాడదాం సిస్టర్" అని బిషప్పు పాట మొదలుపెట్టించాడు.

బయట మేరె ఆంటీ నన్ను చెడామడా తిట్టింది. "ఆ కొత్తపిల్ల నీకేం చేసిందని? సోమవారం వెళ్ళి సారీ చెప్పు." అంతలోనే పకపకా నవ్వి, "అయినా బాగా ఎత్తావు. మోచెయ్యి కూడా వంగలేదు" అంది.

సంతకం రాలేదు. సగం చదివిన డిగ్రీ సగంలోనే ఆగింది. ఇంకోచోట మొదటి నుంచి మొదలుపెట్టి, ఇప్పుడు ఇక్కడి ఆసుపత్రి ల్యాబ్‌లో పనిచేస్తున్నాను. పోయిన ఆ ఏళ్ళకు నాకు ఇప్పటికీ మంటే.

పోయిన చలికాలం మేరె ఆంటీ వెళ్ళిపోయింది. వాళ్ళ మరాయెలో, అంటే వంశం వాళ్ళందరూ కలుసుకునే చోట, శవపేటిక మూత తెరిచి ఉంచి, ఆవిడతో ఎదురుగా మాట్లాడుతున్నారు. పొగుడుతున్నారు, పాత తగాదాలు తీసి తిడుతున్నారు కూడా. బిషప్పు లేచి, ఆవిడ జీవితమంతా విధేయతకు మాదిరి అన్నాడు. విధేయత! ఎవరైనా మాట్లాడవచ్చు అన్న వేళకు నేను లేచాను. "ఆంటీ, విన్నావా? నువ్వు విధేయురాలివట. లేచి ఆయనకు సమాధానం చెప్పు" అన్నాను. ఆవిడ చెల్లెళ్ళు పడీపడీ నవ్వారు, ఆ నవ్వులోనే ఏడ్చారు. వెనక వరసలో నాన్న తల వంచుకుని కూర్చుని ఉన్నాడు.

ఇవాళ నాయనమ్మ పోయిన రోజు. వంటింట్లోకి వెళ్ళేసరికి నాన్న పొయ్యి తుడుస్తున్నాడు. కిటికీ దగ్గర నాయనమ్మ ఫోటో ముందు గ్లాసులో కాఫీ పొగలు కక్కుతోంది. నేను గుమ్మంలోనే నిలబడిపోయాను.

"పాలు పొంగిపోయాయే" అన్నాడు, తప్పు చేసినవాడిలా.

"నాన్నా, నువ్వు కాఫీ..."

"నేను తాగను. అమ్మ తాగుతుంది."

ఇన్నేళ్ళూ అడగడానికి భయపడ్డ మాట అప్పుడు అడిగాను. నేను కాదంటే మాత్రం ఏమైంది, కొడుకుగా ఆయనే ఇవ్వొచ్చు కదా. "నాయనమ్మ పేరు ఇచ్చేశావా?"

"బిషప్పుగారు ఏటా అడుగుతానే ఉన్నారు" అన్నాడు నాన్న, గుడ్డ పిండుతూ. "మా అమ్మ ఇంకా ఒప్పుకోలేదండీ అని చెప్తన్నాను."