బొడ్రాయి దగ్గర మా అత్త

అక్షరాలు నాకు యాభై దాటాక వచ్చాయి. అంతకు ముందు రాయలేదంటే ఎవరైనా ఒప్పుకుంటారు. కానీ నేర్చుకున్న తర్వాత కూడా చాలా ఏళ్ళు రాయలేదు. కాగితం ముందు కూర్చున్నప్పుడల్లా ఈ ఒక్క సంగతే ముందుకొచ్చేది. వచ్చిందంటే పట్టు బిగిసి పెన్సిలు ముక్కు విరిగేది. సుత్తి పట్టిన చెయ్యి నాది, మెత్తగా పట్టుకోవడం దానికి తెలియదు. మా ఆయన కూడా వద్దనేవాడు. "ఆ ఊర్లనే బతుకుతున్నం గదనే, మళ్ల ఎందుకు కెలుకుతవు?" అనేవాడు. ఆయన పోయాడు. ఇప్పుడు వద్దనేవాళ్ళు లేరు. కోపం మాత్రం ఉంది. అది తగ్గాక రాద్దామని ఆగితే రాయకుండానే పోతాను.

మాది కృష్ణకు అవతలి ఒడ్డు. పెళ్ళయిన కొత్తలోనే నాపరాయి క్వారీ పనికి అత్తామామలతో కలిసి ఇవతలికి వచ్చాం. గురజాల పోయే దారిలో ఒక ఊరు, ఊరికీ క్వారీకీ మధ్య రాళ్ళ తుక్కు దిబ్బలు, ఆ దిబ్బల మీద మా గుడిసెలు. ఆ ఊళ్ళో ప్రతి ఇంటి నేలా మేం తీసిన బండలే. ఆ నేల మీద మా కాలు పెట్టనిచ్చిన ఇల్లు ఒక్కటి లేదు. బస్సెక్కాలంటే ఊరి నడివీధిలో నుంచి పోకూడదు, చేల గట్ల మీదుగా చుట్టు తిరిగి పోవాలి. మమ్మల్ని 'అవతలోళ్ళు' అనేవారు. అక్కడే పుట్టిన నా పిల్లలు కూడా అవతలోళ్ళే. రెండు రూపాయల బియ్యం కొత్తగా ఇస్తున్న రోజుల్లో కార్డు కోసం పోతే, "ముందు మీదే ఊరో తేల్చుకుని రండి" అని నవ్వి పంపేశారు.

బతికినప్పటి సంగతి అది. చచ్చినప్పుడు ఊరి శ్మశానంలో మాకు చోటు లేదు. రాయి అయిపోయి వదిలేసిన గోతుల్లో పెట్టి, పైన తుక్కు పోసుకునేవాళ్ళం. మా మామను అట్లాగే పెట్టాం. కొన్నేళ్ళకు ఆ గోతి పక్కన మళ్ళీ మంచి రాయి కనిపించింది. కాంట్రాక్టరు తూటాలు పెట్టించాడు. "ఆగండయ్యా, అక్కడ మా మనిషున్నడు" అని మా అత్త అరుస్తూ పరిగెత్తింది. ఆమెను ఇద్దరు పట్టుకుని పక్కకు లాగారు. పేలింది. తర్వాత ఏం మిగిలిందో నేను రాయను. మా అత్త ఆ సాయంత్రం కొంగులో ఏరుకొచ్చింది, అంతవరకే చెబుతాను.

అప్పటి నుంచి ఆమెది ఒకటే మాట. "నన్ను రాళ్లల్ల ఏయకు బిడ్డా. మట్టిల పెట్టు." అన్నం తింటూ అనేది, నా తల దువ్వుతూ అనేది. ఒకసారి విసుగొచ్చి, "నీకు నలుగురు మోసెతందుకు దొరుకుతరో లేదో, మట్టి సంగతి తర్వాత చూద్దాం" అన్నాను. "దొరక్కుంటే నువ్వే ఎత్తుకపో. బండలు మోస్తలేవా? వాటి కంటె బరువుంటనా నేను?" అని పళ్ళు లేని నోటితో నవ్వింది.

ఇక పొయ్యి సంగతి. ఊళ్ళో ఎవరన్నా పోతే శవం లేచేదాకా ఏ ఇంట్లోనూ పొయ్యి ముట్టించరు, గుడి తలుపు తీయరు. అది వాళ్ళ కట్టు, ఉండనీ. కానీ ఆ కట్టు మా గుడిసెలకు కూడా ఉండేది. ఒకసారి ఊరి పెద్దమనిషి ఇంట్లో ఎవరో పోయారు. బంధువులు గుంటూరు నుంచి రావాలని శవాన్ని సాయంత్రం దాకా ఉంచారు. నా చిన్నది ఆకలికి ఏడుస్తుంటే ఇన్ని నూకలు పొయ్యి మీద పెట్టాను. క్వారీ మేస్త్రీ వచ్చి, "ఊళ్ళో శవముంటే పొయ్యి ముట్టిస్తావటే, సిగ్గులేదూ?" అని కుండను కాలితో తన్నాడు. గంజి రాళ్ళ మీద పారింది. పిల్ల ఆ తడి రాళ్ళను వేలితో తాకి నాకింది. ఈ వాక్యం దగ్గరే ఎన్నోసార్లు పెన్సిలు విరిగింది.

వానలు వెనకబట్టిన రోజుల్లో ఒక తెల్లవారుజామున మా అత్త పోయింది. మా ఆయన పెద్దమనిషి దగ్గరికి వెళ్ళాడు. ఎంతో సేపు కాకముందే తిరిగొచ్చాడు.

"ఏమన్నడు?"

"ఎప్పుడూ గోతుల్లోనే వేసుకుంటున్నారు గదరా, ఇప్పుడేంది కొత్తగా? మా శ్మశానం ఊరోళ్ళకే చాలట్లా... అని అన్నడు."

"నువ్వేమన్నవు?"

"ఏమంట? వచ్చిన."

అప్పుడే ఊళ్ళో గుడి మైకులో పాట మొదలైంది. ఇళ్ళ మీద పొగ లేస్తోంది. ఎవరో తాలింపు పెట్టిన వాసన మా గుడిసె దాకా వచ్చింది. లోపల మా అత్త ఉంది, బయట తాలింపు వాసన. వాళ్ళ శవానికి నా బిడ్డ పస్తు ఉంది. మా శవానికి వాళ్ళకు పాట కూడా ఆగదు. నా ఒళ్ళు మండిపోయింది.

"మంచం ఎత్తుండ్రి" అన్నాను.

"గోతి కాడికా?" అని అడిగాడు మా ఆయన.

"బొడ్రాయి కాడికి."

"చంపుతరే మనల్ని!"

"చంపితే అందర్నీ ఒక్క తీరుగ మోసుకపోతరు లే."

బొడ్రాయంటే ఊరి నడిబొడ్డున పాతిన రాయి, పసుపు పూసి, కుంకం పెట్టి కొలిచే రాయి. గుడిసెల ఆడవాళ్ళం ముగ్గురం మంచానికి మూడు కోళ్ళు పట్టుకున్నాం. నాలుగోది ఖాళీగా ఉండిపోయింది. మా ఆయన కాసేపు చూసి, ఏడుస్తూ వచ్చి పట్టుకున్నాడు. గట్ల మీదుగా పోలేదు. నడివీధిలోనే పోయాం. బొడ్రాయి ముందు మంచం దించి, నేను కాళ్ళ దగ్గర కూర్చున్నాను.

మైకు ఆగింది. పూజారి తలుపులు మూసి తాళం వేసుకుంటున్న చప్పుడు వినిపించింది. ఒక ఆడమనిషి వాకిట్లోకి వచ్చి, "ఏమే, పిచ్చి పట్టిందా? అన్నం సగం ఉడికింది, పిల్లోళ్ళు బడికి పోవాల" అని అరిచింది.

"దించెయ్ అక్కా. ఊళ్ళో శవముంటే పొయ్యి ముట్టిస్తారా, సిగ్గులేదూ?" అన్నాను.

టీకొట్టాయన చేతులు పిసుక్కుంటూ వచ్చాడు. "పాలన్నీ విరిగిపోతాయమ్మా."

"మా గంజి పారబోసిననాడు నువ్వేడున్నవ్ అన్నా?"

పెద్దమనిషి పంచె ఎగ్గట్టుకుని వచ్చాడు. "ఎవరిని అడిగి తెచ్చావే? ఊరికి అరిష్టం!"

"మాకు ఊరు లేదంటిరి గదయ్యా. ఊరంటే ఎట్లుంటదో చూసిపోతదని తెచ్చిన."

"పోలీసుల్ని పిలిపిస్తా!"

"పిలువు. వాళ్ళొచ్చేదాకా ఇక్కడనే ఉంటది. ఆమెకేం తొందర?"

కర్రలు పట్టుకున్నవాళ్ళున్నారు. ఒకడు నా నెత్తి మీదికి ఎత్తాడు కూడా. కానీ నన్ను కొడితే మంచం ఎవరు మోస్తారు? మా వాళ్ళు పంతానికి ముట్టుకోరు, ఊరివాళ్ళు అసలే ముట్టుకోరు. అవతలోళ్ళ శవాన్ని తాకే చెయ్యి ఆ ఊళ్ళో లేదు. మమ్మల్ని దూరం పెట్టిన ఆ అసహ్యమే ఆ రోజు మా అత్తకు కాపలా కాసింది.

పొద్దు నెత్తికెక్కింది. ఈగలు ముసురుతుంటే కొంగుతో తోలుతూ కూర్చున్నాను. ఊరంతా అరుగుల మీదే ఉంది, ఆకలితో. పెద్దమనిషి తల్లి, మా అత్త ఈడు మనిషి, అరుగు మీద పడుకుని మూలుగుతోంది. ఉన్నట్టుండి లేచి కూర్చుని కొడుకును కేకేసింది. "ఒరేయ్, నాకు కళ్ళు తిరుగుతున్నయ్‌రా. ఆ ముసల్దానికి ఇంత చోటు చూపించి సావు! లేకుంటే దాని పక్కనే నాకూ ఇంకో మంచం వెయ్యాల్సొస్తది." ఎవరో కిసుక్కున నవ్వారు. మా అత్త బతికుంటే అందరి కన్నా ముందు తనే నవ్వేది.

పెద్దమనిషి నా వైపు చూడకుండా, "శ్మశానం కంచె కంపకు అవతల పెట్టుకోండి" అన్నాడు.

"కంప ఇవతల" అన్నాను.

"ఏందే?"

"అవతల రాళ్ళున్నయి. ఇవతల మట్టుంది."

ఆయన తల్లి మళ్ళీ మూలిగింది. ఆయన చెయ్యి విసిరి ఇంట్లోకి వెళ్ళిపోయాడు. మేం మంచం ఎత్తాం. వీధి దాటకముందే వెనకాల పొయ్యిలు రాజుకున్న వాసన వచ్చింది.

ఆడవాళ్ళు శ్మశానానికి రాకూడదంటారు. నేను వెళ్ళాను, గుంట తవ్వాను. గడ్డపారకు రాయి తగల్లేదు. నల్లటి మట్టి, మెత్తగా ఉంది. రెండు చేతులతో తీసి ముందు ఆమె పాదాల మీద వేశాను.

తర్వాత్తర్వాత గుడిసెల వాళ్ళందరినీ అక్కడే పెట్టుకున్నాం, ఎవరూ అడ్డు చెప్పలేదు. గెలిచావు కదా అంటారు కొందరు. ఏం గెలుపు? ఏ మనిషికైనా ఊరకే దొరికే చారెడు మట్టి కోసం ఒక ముసలమ్మ సగం రోజు వీధిలో ఈగల మధ్య పడి ఉండాల్సి వచ్చింది. ఆ మట్టి ఇచ్చింది కూడా జాలితో కాదు, ఆకలేసి. దానికి నేను ఎవరికీ దండం పెట్టలేదు.

అత్తను పెట్టి వచ్చిన సాయంత్రమే మేస్త్రీ మా గుడిసె ముందు నిలబడి, "రేపటి నుంచి నీకు పని లేదు" అని చెప్పి పోయాడు.

మర్నాడు తెల్లవారగానే క్వారీ అంచున పడి ఉన్న బండల్లో బారుగా ఉన్నదాన్ని ఒకటి ఎంచుకున్నాను. నెత్తిన గుడ్డ చుట్ట పెట్టుకుని ఎత్తుకున్నాను. నడివీధిలో నుంచి, వాకిళ్ళు ఊడుస్తున్న ఆడవాళ్ళ మధ్య నుంచి నడిచి వెళ్ళి మా అత్త తల దగ్గర పాతాను. అదే వీధిలో వెనక్కి వచ్చి, సుత్తి తీసుకుని, క్వారీలో నా చోట కూర్చున్నాను. మేస్త్రీ వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. నేను తల ఎత్తకుండా రాయి కొట్టడం మొదలుపెట్టాను.