మంద నడుమ పెట్టె

పరశురాములు కోదాడ దగ్గరి ఊళ్లో గొర్రెల కాపరి. ఇన్నేళ్లలో ఒక్క పిల్లను కూడా నక్కకు వదల్లేదని ఆయనకు మహా గర్వం. ఆ గర్వమే కొంప ముంచింది.

మొన్న వానలు తగ్గాక భూమి గట్టిగా కదిలింది. ఇళ్ల గోడలు బీటలు వారాయి. భూకంపాల మీద పరిశోధన చేసే రచన హైదరాబాద్ నుంచి వచ్చి వేములపల్లి వైపు ఒకటి, సూర్యాపేట వైపు ఒకటి, పరశురాములు చెలకలో ఒకటి చొప్పున భూమి కుదుపులు నమోదు చేసే పెట్టెలు పాతింది.

"పెద్ద కుదుపు తర్వాత చిన్నవి వస్తూనే ఉంటాయి తాతా. అవి ఎక్కడ పుడుతున్నాయో చూస్తే లోపల పగులు ఎటు జారిందో, మీ ఊరి కిందికి వచ్చిందో లేదో తెలుస్తుంది. పగులుకు అన్నిటికన్నా దగ్గరిది ఈ పెట్టే. జాగ్రత్త."

"నా పానం లెక్క సూసుకుంట బిడ్డా!"

కాపరికి తెలిసిన కాపలా ఒకటే. పసి గొర్రెపిల్లల్ని పడుకోబెట్టినట్టు, విలువైనదాన్ని మంద నడుమ పెట్టాలి. రోజూ పొద్దుగూకగానే గొర్రెలన్నిటినీ ఆ పెట్టె చుట్టూ తోలాడు. ఈగ కూడా వాలదని ఊరంతా గొప్పలు చెప్పుకున్నాడు, పిచ్చి మారాజు!

నెల తిరిగాక రచన ల్యాప్‌టాప్ తెరిచింది. పగలు ట్రాక్టర్ల చప్పుడు మామూలే. చిన్న కుదుపులు తెలియాల్సింది రాత్రి నిశ్శబ్దంలో. అక్కడా తెర నిండా గజిబిజే.

"రాత్రిపూట ఇక్కడ ఏం తిరుగుతున్నాయి?"

"ఇంకేంది మేడం, క్వారీ లారీలే," అన్నాడు పక్కింటి సైదయ్య.

పరశురాములు తలూపాడు. ఛీ, ఆ తల ఊపకుండా ఉంటే ఎంత బాగుండేది!

"అయితే లారీలు ఆపించమని ఆఫీసులో చెప్తా," అంది రచన. పరశురాములు భార్య పెంటమ్మ మొగుడి వంక ఒక్క చూపు చూసింది. ఆయన సిగ్గుతో చచ్చిపోయాడు.

"లారీలు కాదు బిడ్డా. నా గొర్లు. ఎవడన్న ఎత్తుకపోతడని సుట్టు నేనే పండవెట్టిన."

ఎవరూ నవ్వలేదు. సైదయ్య బీటలు వారిన తన గోడ వైపు చూసి వెళ్లిపోయాడు.

"పోయిన కుదుపులు మళ్లీ దొరకవు తాతా," అంది రచన మెల్లగా. "పగులు ఎక్కడ ఆగిందో ఇప్పుడు చెప్పలేను. కుదుపులు ఇంకా పూర్తిగా ఆగలేదు కాబట్టి పెట్టె ఇంకో నెల ఉంచుతా. మందను దూరం పెట్టండి. కాపలా మాత్రం మళ్లీ మీరే ఉండాలి."

ఆయన తలెత్తలేకపోయాడు. కారెక్కబోతున్న ఆమెకు అడ్డం వెళ్లి తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

"జర తిట్టి పో బిడ్డా," అని బతిమాలాడు.