మాడిన గుండిగ, మెంబరు సాక్ష్యం

హైదరాబాదు రాష్ట్రం ఆంధ్రలో కలిసిన ఏడాది, మా గల్లీకి నల్లా పెట్టిస్తానని మున్సిపాలిటీ మెంబరుగా నిలబడ్డ వకీలు మాటిచ్చి, గెలిచాక మరిచాడు. పదేళ్లకు, ఈ రోజు, నల్లా వచ్చింది. పెట్టించింది కొత్త మెంబరు గౌస్ మియా. ఒకప్పుడు ఇంటింటికీ తిరిగి గిన్నెలకు కళాయి వేసినవాడు.

సంతోషంలో అన్నం గుండిగే తీసుకుని పరుగెత్తి వరుసలో ముందు పెట్టాను. అది తనదని పక్కింటి లక్ష్మమ్మ పట్టుకుంది. గౌస్ లోపలికి తొంగి చూశాడు.

“ఇది పంతులు సాబ్‌ది, అక్కా. కళాయి నేనే ఏసిన. సదువుకుంట పొయ్యి మరుస్తరు, అడుగు ఎప్పుడూ మాడుతది.”

గల్లీ అంతా నవ్వింది. మొదటి నీళ్లు నావే. తడిసి ముద్దయి నేనూ నవ్వాను. ఇతనికి నేను ఓటెయ్యలేదు. వేసినవాళ్లు చెప్పండి, దండం పెడతాను. వకీలునైనా క్షమిస్తాను గానీ, “కళాయోనికి కౌన్సిలేంది బావా” అని నా ఓటు మళ్లీ వకీలుకే వేయించిన బావమరిది నర్సింలును మాత్రం క్షమించను.